నేను పూడ్చిన కన్నం

నేను గోడలకు రంగులు వేస్తాను. నలభై ఏళ్ళుగా అదే పని. రంగు పూయడం ఎవరికైనా వస్తుంది గానీ, అంతకు ముందు గోడను సిద్ధం చేయడం అందరికీ చేతకాదు. నా పద్ధతి వేరు. గదైతే కిటికీలన్నీ మూయించి, వరండా అయితే పొద్దు వాలేదాకా ఆగి, ఒక బల్బును గోడకు ఆనించి పట్టుకుంటాను. వెలుగు పక్కనుంచి పడితే, ఎదురుగా నిలబడి చూసినప్పుడు కనిపించని ప్రతి గుంటా, ప్రతి బుడిపా నీడతో సహా బయటపడుతుంది. దొరికినదాన్ని దొరికినట్టు పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బల్బు పట్టి చూస్తాను. నీడన్నది లేదని తేలాకే రంగు డబ్బా మూత తీస్తాను. నాతో పనిచేసేవాళ్ళు నా వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. నేను చేసిన గోడను ఒకసారి అరచేత్తో నిమిరినవాళ్ళు మళ్ళీ ఇంకొకరిని పనికి పిలవరు.

నాకు కోపం కూడా ఎక్కువే. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆ మూడు రోజుల్లో నేను చాలామంది మీద ఎగిరాను. అసలు కోప్పడాల్సింది ఎవరి మీదో తెలిశాక మాత్రం ఆ కోపం ఎటో పోయింది.

మా ఇంట్లో ముగ్గురం ఉంటాం. నేను, మా అమ్మాయి, దాని కూతురు. అల్లుడు లారీ నడుపుతాడు. పదిరోజులకొకసారి వచ్చి, రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, మళ్ళీ బండెక్కుతాడు. మనవరాలికి నాలుగున్నరేళ్ళు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి నేను బుడంకాయ్ అంటాను. ఇంకెవరైనా అలా పిలిస్తే మూతి ముడుచుకుంటుంది. ఆ హక్కు నాకొక్కడికే ఇచ్చింది.

మా వీధి మలుపులో చిన్నపిల్లల బడి ఉంది. రెండు గదులు, ముందు పొడుగాటి వరండా, ఇనుప గేటు. ఏడాదిగా బుడంకాయ్ ఆ బడికే వెళ్తోంది. ఒక్కనాడు ఏడవలేదు. పొద్దున్న తొమ్మిదికి అమ్మ చెయ్యి వదిలి లోపలికి పోయేది, ఒంటిగంటకు అమ్మ వెళ్ళి తెచ్చుకునేది. మా అమ్మాయి అప్పట్లో ఇంట్లోనే మిషను కుట్టేది కాబట్టి కుదిరేది.

ఈమధ్య బడికి పదిహేను రోజులు సెలవులిచ్చారు. ఆ సెలవుల్లో బడికి రంగులు వేసే పని నాకు వచ్చింది. మనవరాలి బడి కదా, ప్రాణం పెట్టి చేశాను. మేకులు పీకిన కన్నాలు, బల్లలు తగిలి ఊడిన చోట్లు, పిల్లలు గోళ్ళతో గీకిన గీతలు, ఏదీ వదల్లేదు. చివరిరోజు టీచరమ్మ వచ్చి వరండా గోడను ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచేత్తో నిమిరి, "అద్దంలా ఉందండీ" అంది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ గొప్ప అంతా ఏకరువు పెట్టాను. "వరండా గోడ చూడాలమ్మాయ్. చీమ దూరేంత సందు కూడా లేకుండా పూడ్చి పారేశాను" అన్నాను. బుడంకాయ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి నావైపు చూసింది. నిద్ర వస్తోందేమో అనుకుని నేనే ఎత్తుకెళ్ళి పడుకోబెట్టాను.

బడి తెరిచే రోజునే మా అమ్మాయి కొత్త పనిలో చేరాలి. కళ్ళద్దాలకు వేసే గాజు బిళ్ళలు అరగదీసే కార్ఖానా అది. అరగదీసిన ప్రతి బిళ్ళనూ దీపం ముందు తిప్పి చూసి గీత ఉందో లేదో చెప్పాలి. పనికి పెట్టుకునే ముందు వాళ్ళు ఇరవై బిళ్ళలిచ్చి పరీక్ష పెడితే, వాళ్ళకే తెలియని గీత ఒకటి పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ గీత కనిపిస్తే నిద్రపట్టదు, అది నా నుంచే వచ్చింది దానికి. నాలుగేళ్ళు ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన పిల్ల, ఆ రోజు ఇంటికి వచ్చి గదిలో తలుపేసుకుని ఒక్కతే నవ్వుకుంటుంటే నేను విన్నాను. పని తొమ్మిదిన్నరకు మొదలు, నాలుగింటికి ముగింపు. బస్సు దిగి బడికి వచ్చేసరికి నాలుగున్నర. పిల్లను అప్పటిదాకా ఉంచుకుంటామని టీచరమ్మ ఒప్పుకుంది. కార్ఖానావాళ్ళు మొదటి నెల పని చూసి అమ్మాయిని ఉంచుకోవాలో వద్దో చెప్తారు. ఆ నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కరలేదు. తప్పు చేస్తే పని పోతుందని మా అమ్మాయి పిల్ల ముందే రెండుమూడుసార్లు అంది.

సోమవారం బడి తెరిచారు. బుడంకాయ్ గేటుదాకా బాగానే నడిచింది. వరండా మెట్టెక్కింది. గది గుమ్మం పక్కన ఆగింది. ఆగి, అమ్మ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. అంతే. ఎంత బతిమాలినా వదల్లేదు. గుక్కపట్టి ఏడ్చినా బాగుండేది, ఏదోటి సముదాయించవచ్చు. నోరు మెదపకుండా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడింది. టీచరమ్మ ఎత్తుకోబోతే కొయ్యలా బిగుసుకుపోయింది. చివరికి నన్ను పిలిపించి, పిల్లను నాకు అప్పగించి మా అమ్మాయి పరిగెత్తింది. ఇరవై నిమిషాలు ఆలస్యం.

"ఎక్కువసేపు ఉండాలంటే భయం పట్టుకుంది నాన్నా. ఒంటిగంటకి వచ్చేదాన్ని కదా" అంది సాయంత్రం. నాకూ అదే నిజమనిపించింది. కొత్త సంచీ కొన్నాం. జడకు ఎర్ర రిబ్బన్లు తెచ్చాను. మంగళవారం ఎర్ర రిబ్బన్లు వేసుకుని, కొత్త సంచీ తగిలించుకుని, అదే గుమ్మం పక్కన అలాగే నిలబడింది. ఈసారి అరగంట.

అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరికే ఎందుకు ఇలా చేస్తుంది పిల్ల? ఎవరో ఏదో చేసుంటారు. ఆ సాయంత్రమే బడికి వెళ్ళి టీచరమ్మ ముందు నిలబడ్డాను.

"మా పిల్లని ఏమన్నారు? కొట్టారా, తిట్టారా? నిజం చెప్పండి."

ఆవిడ నోటుపుస్తకాలు సర్దుకుంటోంది. నెమ్మదిగా తలెత్తి నావైపు చూసింది.

"పెద్దాయనా, మీ పిల్ల రెండు రోజులుగా గదిలోకి అడుగే పెట్టలేదు. ఎప్పుడు కొట్టను?"

అక్కడితోనైనా ఊరుకోవచ్చు కదా, "పిల్లల్ని చూసుకోవడం రాకపోతే బడెందుకు" అని ఇంకో మాట తగిలించి వచ్చాను. దారిలో నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి బట్టలు పిండుతోంది. పిల్ల గౌను తిరగేసి జేబు దులిపితే పిడికెడు బిస్కెట్ పొడి రాలింది. సోమవారం గౌను జేబులోనూ అంతే. "తినమని ఇస్తే జేబులో కుక్కుకుంటోంది. ఇదేం కొత్త అలవాటు" అని విసుక్కుంది. తర్వాత అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు తడిగానే ఉన్నాయి.

"ఇవాళ పిలిచి చెప్పారు నాన్నా. రెండు అయ్యాయట. ఇంకోటి అయితే పని పోతుంది. నువ్వు ఇంట్లో ఉండే ఈ రెండు రోజులూ చూస్తాను. ఇలాగే ఉంటే శుక్రవారం నుంచి రానని నేనే చెప్పేస్తాను. వాళ్ళు పొమ్మనేకంటే అదే మేలు."

"నేను పని మానేసి ఇంట్లో ఉంటానమ్మా."

"నువ్వు శుక్రవారం ఆసుపత్రి గోడలు మొదలుపెట్టాలి. ఆరుగురు నీమీద ఆధారపడి ఉన్నారు. వాళ్ళని ఏట్లో ముంచి నేను పనికి పోవాలా?" అంది. బుడంకాయ్ గుమ్మంలో నిలబడి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో తెలియదు.

బుధవారం నేనే బయల్దేరాను. "నువ్వు నేరుగా బస్సెక్కు. నేను చూసుకుంటాను" అని మా అమ్మాయిని పంపేశాను. చెప్పడమైతే చెప్పాను గానీ ఏం చూసుకోవాలో నాకే తెలియదు. బుడంకాయ్ గది గుమ్మం పక్కనే ఆగింది. నేను బలవంతపెట్టలేదు. వరండా చివర బల్ల ఉంటే దానిమీద కూర్చున్నాను. నువ్వు ఎంతసేపు నిలబడతావో నిలబడు, నేనూ కూర్చుంటాను అనుకున్నాను. లోపల పిల్లలు పాటలు పాడుతున్నారు. టీచరమ్మ నా మొహం చూడకుండా రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. నిన్నటి మాటకు అది న్యాయమే.

కాసేపటికి బుడంకాయ్ గోడ దగ్గరికి జరిగింది. బొటనవేలితో గోడను రుద్దడం మొదలుపెట్టింది. ఒకచోట రుద్దడం, కాస్త జరగడం, మళ్ళీ రుద్దడం. జేబులో బిస్కెట్ పొడిలో పెట్టిన వేలు. నేను లేచి చూసేసరికి నా అద్దంలాంటి గోడమీద, సరిగ్గా దాని భుజమంత ఎత్తులో, గుమ్మం నుంచి బారెడు దూరం వరసగా జిడ్డు మచ్చలు. మూడు రోజులుగా చేస్తున్న పని అది, పాత మచ్చలూ ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. గోడ పాడుచేస్తావా అని నోటిదాకా వచ్చింది. అప్పుడే అది నావైపు తిరిగింది.

"తాతా."

"ఊఁ."

"గోడ లోపల చీకటిగా ఉంటుందా?"

"గోడ లోపల ఇటుకలుంటాయి."

"ఇటుకల మధ్యలో?"

"అక్కడ చీకటే మరి. దీపం ఎవరు పెడతారు?"

దాని కింది పెదవి వణికింది. వేలు గోడమీదే ఉంచి మళ్ళీ అడిగింది.

"లోపల ఉన్నవాళ్ళకి ఆకలేస్తుందా?"

నేను మోకాళ్ళు నొప్పెడుతున్నా దాని ముందు గొంతుకూర్చున్నాను. "లోపల ఎవరున్నారే?"

"చెప్తే అమ్మ కోప్పడుతుంది."

"నిన్నా?"

తల అడ్డంగా ఊపింది. "నిన్ను."

ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను, చెవి దాని నోటి దగ్గర పెట్టాను. అప్పుడు చెప్పింది. అక్కడ గోడకు ఒక కన్నం ఉండేదట. అందులో తన చీమ ఉంటుందట. రోజూ పొద్దున్న బిస్కెట్ ముక్క చిదిపి కన్నంలో పెట్టి, అమ్మ ఎప్పుడు వస్తుందో దానికి చెప్పి లోపలికి వెళ్ళేదట.

"దానికెందుకు చెప్పడం?"

"నేను ఆడుకుంటే మర్చిపోతాను కదా. అది మర్చిపోదు."

అంత మామూలుగా చెప్పింది. ఏడాదిపాటు అది వెనక్కి చూడకుండా బడిలోకి ఎలా పోయిందో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ మాటను భద్రంగా ఒకచోట దాచి వెళ్ళేది. ఆ చోటును నేను మూసేశాను. చీమ దూరేంత సందు కూడా వదల్లేదని అన్నం తింటూ డప్పు కొట్టుకున్నది నేను. ఆ ముద్ద కంచంలో ఎందుకు పెట్టేసిందో, అది నిద్ర కాదని అప్పుడు అర్థమైంది. తన చీమను తాత గోడలో పెట్టి మూసేశాడని తెలిసి, ఆ చీకట్లో అది ఆకలితో ఉందని తెలిసి, ఈ బుడ్డది ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళు మోసింది. టీచరమ్మ మీద ఎగిరిన మొనగాణ్ని నేను.

"పద, తీద్దాం" అన్నాను. ఆ మాట అనగానే దాని మొహం చూడాలి.

తీయడానికి టీచరమ్మ ఒప్పుకోవాలి. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలందరూ చాపల మీద పడుకున్నాక ఆవిడ బయటికి వచ్చింది. ముందు నిన్నటి మాటకు క్షమించమన్నాను. నా జీవితంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తర్వాత సంగతి చెప్పాను. ఆవిడ ఒకసారి బుడంకాయ్ని, ఒకసారి గోడను చూసింది.

"అవును, ఇక్కడేదో కన్నం ఉండేది. రోజూ దీని దగ్గర ఏం చేస్తుందా అనుకునేదాన్ని. సరే తీయండి. చప్పుడు మాత్రం చెయ్యొద్దు, ఒక్కడు లేచాడా అందరూ లేస్తారు."

ఇంటికి వెళ్ళి సామాను సంచీ తెచ్చుకున్నాను. ఎంతసేపు, ఒక మేకుతో పొడిస్తే పోతుంది అనుకున్నాను. గోడ ముందు నిలబడ్డాక తెలిసింది అసలు సంగతి. నేను పూడ్చిన కన్నం ఎక్కడుందో నాకే కనిపించలేదు.

ఎదురుగా చూశాను, పక్కనుంచి చూశాను. టార్చిలైటు గోడకు ఆనించి పట్టాను. నీడ లేదు. గోటితో గీకాను, అంతా ఒకటే నున్నన. వేలి కణుపుతో తట్టి చూస్తే లోపలినుంచి టీచరమ్మ వేలు నోటిమీద పెట్టుకుని ఉష్ అంది. నలభై ఏళ్ళుగా ఏ పనితనం చూసుకుని మురిసిపోయానో, దాన్ని ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కాస్త నిర్లక్ష్యంగా పనిచేసేవాడైతే ఈపాటికి దొరికేది.

"ఎక్కడో ఒకచోట కొత్త కన్నం చేస్తానే. సరిపోదా?" అన్నాను.

"అది ఉన్నచోట తీయాలి తాతా" అంది. మాట నిజమే. పక్కింటి తలుపు తీస్తే ఈ ఇంట్లోవాళ్ళు ఎలా బయటికి వస్తారు?

ఆలోచించి, దాన్ని గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. "రోజూ ఎలా వచ్చేదానివో అలాగే రా. గోడవైపు చూడకు. నీ చెయ్యి ఎటు పోతే అటు పోనీ" అన్నాను. దాని చెయ్యి పట్టుకుని నడిచాను. గుమ్మం దగ్గర చెయ్యి చాపబోయి ఆగిపోయింది.

"నువ్వు తప్పు పట్టుకున్నావు. అమ్మ ఈ చెయ్యి పట్టుకుంటుంది."

మళ్ళీ గేటు. ఈసారి ఎడమచెయ్యి పట్టుకున్నాను. "అంత పెద్ద అడుగులు వెయ్యకు. అమ్మ అలా నడవదు." మళ్ళీ గేటు. ఆరడుగుల మనిషిని, నడుము వంచి, మా అమ్మాయిలా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ ఆ గేటునుంచి గుమ్మందాకా నడిచాను. వీధిలో పోయే సైకిలతను ఆగి మరీ చూశాడు. చూడనివ్వండి. గుమ్మం దగ్గరికి రాగానే ఆగాను. "అమ్మ ఇప్పుడు వంగి చెప్తుంది" అంది. వంగాను. "నాలుగున్నరకి వస్తా" అన్నాను దాని చెవిలో.

అది కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి తనంతట తనే లేచి గోడమీద వాలింది. చూపుడువేలు ఒకచోట ఆగింది, ఇక కదల్లేదు. ఆ వేలి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. మచ్చలన్నిటికంటే బెత్తెడు పైన ఉంది. మూడు రోజులూ తల దించుకుని ఏడుస్తూ వెతికింది మరి, చెయ్యి కిందికే పోయింది.

సన్న మేకు పెట్టి మెల్లగా తిప్పాను. ముందు రంగు పొర పగిలింది, తర్వాత తెల్లటి పుట్టీ పొడి రాలింది. ఇంకాస్త తిప్పేసరికి మేకు సర్రున లోపలికి పోయింది. ఊది, టార్చి వేశాను. చిటికెన వేలంత కన్నం, లోపలంతా చీకటి. బుడంకాయ్ వెంటనే బిస్కెట్ ముక్క చిదిపి అంచున పెట్టింది. ముగ్గురం కూర్చుని చూశాం. టీచరమ్మ కూడా బయటికి వచ్చి కింద కూర్చుంది.

ఏమీ రాలేదు.

"అది రావట్లేదు తాతా."

"వస్తుంది, ఉండు."

"నిద్రపోతోందా?"

కన్నం తెరిస్తే అయిపోతుందనుకున్నాను గానీ లోపల ఏం కనిపిస్తుందో ఆలోచించలేదు. ఇంత పుట్టీ కుక్కిన చోట ఏ ప్రాణి మిగులుతుంది? ఒక చచ్చిన చీమ బయటపడితే ఇక ఈ జన్మలో ఈ పిల్లకు నేను మొహం చూపించలేను. చావకపోయినా చచ్చిందనే అనుకుంటుంది. మా అమ్మాయి పని, గదిలో ఒక్కతే నవ్వుకున్న ఆ నవ్వు, అన్నీ ఆ చిటికెన వేలంత చీకట్లో ఇరుక్కున్నాయి.

"అసలు ఇక్కడ కన్నం ఎందుకుంది?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఎప్పుడో ఇక్కడ కరెంటు గంట ఉండేదట. తీగ కోసం కొట్టి ఉంటారు" అంది టీచరమ్మ.

తీగ కోసమైతే అది గోడకు అటునుంచి ఇటు పోవాలి. నేను చటుక్కున లేచాను. "దీనికి అవతల ఏముంది?"

"గదిలో పెద్ద అలమారా."

ఆ మాటకు ఆవిడ వైపు చూడలేక టార్చి ఆర్పి మళ్ళీ వెలిగించాను. ఎందుకో ఇప్పుడు చెప్పక తప్పదు. ఆ ఇనప అలమారా మహా బరువు. నలుగురం పడితే గానీ కదలదు. ఆఖరిరోజు అందరం అలిసిపోయి ఉన్నాం. అలమారా వెనక ఎవరు చూస్తారులే అని గోడలో ఆ ఒక్క ముక్క ముట్టుకోకుండా వదిలేశాను. నలభై ఏళ్ళలో నేను ఎగ్గొట్టిన గోడ అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు.

పడుకున్న పిల్లల మధ్యనుంచి కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ గదిలోకి వెళ్ళాం. అలమారాకూ గోడకూ మధ్య బెత్తెడు సందు ఉంది. మోకాళ్ళమీద కూర్చుని టార్చి వేశాను. నా కొత్త రంగు అలమారా అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అవతల పాత గోడ, పెచ్చులూడి, మురికిగా. దాని మధ్యలో కన్నం. ఆ కన్నంలోనుంచి వరసగా, బారులు తీరి, చీమలు. కిందికి దిగేవి దిగుతున్నాయి, ఎక్కేవి ఎక్కుతున్నాయి. పిల్లలు అన్నాలు తిన్నచోట రాలిన మెతుకులు మోసుకుపోతున్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంత సంతోషంగా నేను నా జీవితంలో ఏ చీమనూ చూడలేదు.

"ఇలా రా" అని బుడంకాయ్ని దగ్గరికి లాక్కుని, చెంప గోడకు ఆనించి చూడమన్నాను. "చూశావా? దానింటికి వెనక గుమ్మం ఉంది. నేను ముందు తలుపు మూశాను, అంతే. చీకట్లోనూ లేదు, ఆకలితోనూ లేదు. ఇటునుంచి హాయిగా తిరుగుతోంది."

చాలాసేపు చూసింది. తర్వాత వేలితో చూపించింది. "అదే నాది."

"ఇన్నింట్లో ఎలా తెలిసింది?"

"నన్ను చూసింది."

అని పెద్దగా ఊపిరి వదిలింది. అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద ఊపిరి ఎలా వచ్చిందో. టీచరమ్మ మాత్రం నా భుజం మీదుగా వంగి చూస్తోంది.

"గది మొత్తం వేశానన్నారే?" అంది మెల్లగా.

"వేస్తాను. ఇప్పుడు కాదు" అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నిన్నటి కోపం పోయిందని అర్థమైంది.

వెనక్కి తిరిగి చూస్తే బుడంకాయ్ ఖాళీగా ఉన్న చాపమీద, కొత్త సంచీ భుజాన ఉండగానే, పక్కకు తిరిగి పడుకుంది. గదిలోకి అడుగు పెట్టానని దానికే గుర్తులేదు. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను సంచీ తీసి పక్కన పెట్టి, బయటికి వచ్చి బల్లమీద కూర్చున్నాను. మూడు రోజులుగా నామీద ఎవరో కూర్చుని ఇప్పుడు లేచినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది.

నాలుగున్నరకు మా అమ్మాయి వచ్చింది. గేటు దగ్గరనుంచే వరండా అంతా వెతికి, పిల్ల కనిపించక కంగారుపడింది. లోపల మిగతా పిల్లలతో కలిసి చెక్కముక్కలు పేరుస్తోందని చూపించాను. మా అమ్మాయి అక్కడే గోడకు ఆనుకుంది.

ముగ్గురం ఇంటికి నడిచాం. జరిగిందంతా చెప్పేశాను. ఒట్టు సంగతి అడిగితే, ఇది నా తప్పు కాబట్టి చెప్పుకునే హక్కు నాదేనని బుడంకాయ్కి నచ్చజెప్పాను. మా అమ్మాయి ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మూడు రోజులు నా ప్రాణం తోడేసింది ఒక చీమా?" అంది. పది అడుగులు వేశాక ఆగింది. "నాన్నా, నువ్వు ఆ అలమారా వెనక వెయ్యలేదా?" ఎంతైనా గీతలు పట్టే ఉద్యోగం దానిది.

తర్వాత వంగి పిల్లను అడిగింది. "మొదటిరోజే నాకు చెప్పొచ్చు కదమ్మా. తాతని నేనేమంటాను?"

బుడంకాయ్ నడుస్తూనే జవాబు చెప్పింది. "తప్పు చేస్తే పని పోతుందని నువ్వే అన్నావు. తాతకి గోడలంటే ఇష్టం."

మా అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇల్లు చేరేదాకా దాన్ని నేనే ఎత్తుకున్నాను. బరువేమీ అనిపించలేదు.

గురువారం పొద్దున్న జిడ్డు మచ్చలు తుడుద్దామని గుడ్డా నీళ్ళూ పట్టుకుని నేను ముందే బడికి వెళ్ళాను. కన్నం అంచులు మాత్రం గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దాను, వేలికి గుచ్చుకోకుండా. తొమ్మిదికి ముందే వాళ్ళిద్దరూ వచ్చారు. మా అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, వంగి, "నాలుగున్నరకి వస్తా" అంది. బుడంకాయ్ చెయ్యి వదిలేసింది. జేబులోంచి బిస్కెట్ ముక్క తీసి చిదిపి కన్నంలో పెట్టింది. మునివేళ్ళమీద లేచి నోరు గోడకు ఆనించింది. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. నాకు వినిపిస్తుందని దానికి తెలియదు.

"అమ్మ నాలుగున్నరకి వస్తుందంట" అని చెప్పింది. కాస్త ఆగింది. "నువ్వు లోపలున్నావని మా తాతకి తెలీదు. తెలిస్తే మూసేవాడు కాదు. ఏమీ అనుకోకు."

గౌను దులుపుకుని గదిలోకి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. మా అమ్మాయి గడియారం చూసుకుంది. తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. "బస్సు దొరుకుతుంది నాన్నా" అని గేటువైపు పరిగెత్తింది. నేను తల ఊపాను గానీ అటు తిరగలేదు. గోడమీద తుడవడానికి ఏమీ మిగల్లేదు, అయినా చాలాసేపు తుడుస్తూ నిలబడ్డాను.